కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా? కాన్పు తర్వాత చేయాల్సిన పనులు, వరసగా

“కాన్పు అయింది, బీపీ దిగింది, మాత్రలు కూడా ఆపేశారు. ఇంకా చూపించుకోవాలా?” అని అడిగేవాళ్లు చాలామంది. చూపించుకోవాలి. మొదటి రెండు వారాలు ఒక లెక్క, మూడు నెలల దాకా ఇంకో లెక్క, ఆపైన ఏడాదికోసారి, జీవితాంతం. ఎప్పుడు ఏం చేయాలో, ఏ అంకె కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలో కింద ఉంది.

ఎందుకో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. గర్భంలో బీపీ, ముఖ్యంగా ప్రీఎక్లాంప్సియా (బీపీకి తోడు మూత్రంలో ప్రొటీన్ పోవడం, లేదా కాలేయం, కిడ్నీల్లాంటివి దెబ్బతినడం) వచ్చినవాళ్లకు ముందుముందు శాశ్వతంగా బీపీ వచ్చే అవకాశం మిగతా ఆడవాళ్ల కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. గుండెజబ్బు, పక్షవాతం ముప్పు సుమారు రెండు రెట్లు. గుండె బలహీనపడి నీరు పట్టే జబ్బు ముప్పు దాదాపు నాలుగు రెట్లు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే ప్రీఎక్లాంప్సియాను ఆడవాళ్ల గుండెజబ్బు ముప్పుల జాబితాలో చేర్చింది. పాతికేళ్ల వయసులో గుండెపోటు ముప్పు అసలే బాగా తక్కువ కనుక, రెండు రెట్లన్నంత మాత్రాన రేపే ఏదో అయిపోదు. పదీ ఇరవై ఏళ్ల ముందే కబురు అందింది, అంతే.

మన దగ్గర ఆ కబురు తప్పిపోయేది ఎక్కడో చెప్తాం. తొలి కాన్పు పుట్టింట్లో, ఫైలు పుట్టింటి బీరువాలో. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి వెళ్లేటప్పుడు ఊయల, బట్టలు, సారె అన్నీ బండెక్కుతాయి, ఫైలు ఎక్కదు. పదిహేనేళ్ల తర్వాత బీపీకి మందు రాసే డాక్టరు కాన్పుల సంగతి అడగరు, మీకూ గుర్తుండదు. కింద చెప్పిన పనుల్లో సగం ఆ కాగితాన్ని మీ వెంట తిప్పడానికే.

కావలసినవి

- జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్. మణికట్టుకు కట్టేవి, వేలికి తగిలించేవి, వాచీలు వద్దు. ప్రీఎక్లాంప్సియాలో కొన్ని మిషన్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. అందుకే గర్భిణుల మీద పరీక్షించి సరైనదని తేల్చిన మోడలేనా అని కొనేముందే అడగండి.
- టైలరు టేపు. భుజానికీ మోచేతికీ నడిమధ్య జబ్బ చుట్టుకొలత చూడండి. 22 నుంచి 32 సెం.మీ. ఉంటే మామూలు కఫ్ (జబ్బకు చుట్టే పట్టీ) చాలు. 32 దాటితే పెద్ద కఫ్ విడిగా కొనాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది.
- ఒక నోటు పుస్తకం. తేదీ, టైము, పై అంకె, కింది అంకె, వేసుకున్న మాత్ర అని గీతలు కొట్టుకోండి.
- డిశ్చార్జి సమ్మరీ, తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగులు, రక్త మూత్ర పరీక్షల కాగితాలు. అన్నీ ఒకే ఫైల్లో.

మిషన్ కొనే వీలు లేకపోతే ఏఎన్ఎం దగ్గర, పీహెచ్‌సీలో, తెలంగాణలో పల్లె దవాఖానా లేదా బస్తీ దవాఖానాలో, ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉచితంగా చూస్తారు. పక్కింటివాళ్ల మిషన్ అయినా పనికొస్తుంది, కఫ్ మీ చేతికి సరిపోవాలి.

1. వచ్చిన జబ్బు పేరేమిటో రాసుకోండి

“బీపీ కొంచెం పెరిగింది” అంటే జబ్బు పేరు చెప్పినట్టు కాదు. 140/90 గానీ అంతకు మించి గానీ, కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు కనిపిస్తే బీపీ ఉన్నట్టు. అది 20 వారాల లోపే ఉంటే గర్భానికి ముందు నుంచీ ఉన్నదే, దీర్ఘకాలిక బీపీ అంటారు. 20 వారాల తర్వాత కొత్తగా వస్తే గర్భధారణ బీపీ. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోయినా, కాలేయం, కిడ్నీలు, ప్లేట్‌లెట్లు దెబ్బతిన్నా ప్రీఎక్లాంప్సియా. ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది దీన్నే.

నోటు పుస్తకం మొదటి పేజీలో ఇవి రాయండి: బీపీ ఏ వారంలో మొదలైంది, ఎక్కువలో ఎక్కువ ఎంత చూపింది, మూత్రంలో ప్రొటీన్ ఎంత, కాన్పు ఏ వారంలో అయింది, బిడ్డ బరువెంత, ఫిట్స్ గానీ హెల్ప్ సిండ్రోమ్ (రక్తకణాలు చితికి, కాలేయం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు పడిపోవడం) గానీ ఐసీయూ గానీ ఉందా, ఏ మందులు వాడారు. వీటిలో కాన్పు వారం చాలా ముఖ్యం. 34 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చినవాళ్లకూ, రెండు కాన్పుల్లోనూ బీపీ వచ్చినవాళ్లకూ ముందుముందు ముప్పు ఎక్కువ.

డిశ్చార్జి సమ్మరీలో బీపీ సంగతి రాయకపోవడం మామూలే. సిజేరియన్ అయినవాళ్ల కాగితాల్లో ఆపరేషన్ వివరాలే పేజీ నిండా ఉంటాయి. ఇంటికి బయల్దేరే ముందే చదివి, లేకపోతే అక్కడే రాయించండి. ఆర్నెల్లు పోయాక వెళ్తే కేసు షీటు దొరకడం కష్టం.

2. మొదటి రెండు వారాలు: బీపీ ఎక్కువయ్యేది ఇప్పుడే

కాన్పుతో బీపీ పోతుందనే మాట సగమే నిజం. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ ఎక్కుతుంది. మామూలు కాన్పయితే అప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటారు. అందుకే ఇంటికి వచ్చిన రోజు నుంచి రెండు వారాలు పొద్దున, సాయంత్రం బీపీ చూసుకోండి. దీనితో పాటు కాన్పయిన 72 గంటల లోపు ఒకసారి, ఏడు నుంచి పది రోజుల మధ్య ఇంకోసారి డాక్టరో నర్సో చూడాలి.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చేది ముఖ్యంగా బిడ్డ కోసం, బిడ్డ బరువు చూసి వెళ్లిపోతారు. “నాకు బీపీ ఉండేది, ఏఎన్ఎంని పంపండి” అని మీరే అడగండి. పుట్టింటి ఊళ్లో ఉంటే ఆ ఊరి ఆశాకు మీరు వచ్చిన సంగతి తెలియకపోవచ్చు, అమ్మ చేత చెప్పించండి.

అంకెను బట్టి ఇలా చేయండి:

- 140/90 కంటే తక్కువ: చూసుకుంటూ ఉండండి. మాత్రలు వాడుతుండగా 130/80 కంటే కిందికి వస్తే డోసు తగ్గించాలేమో డాక్టరును అడగండి.
- 140/90 నుంచి 149/99: ఒకటి రెండు రోజుల్లో డాక్టరుతో మాట్లాడండి.
- 150/100, ఆపైన: ఆ రోజే చూపించుకోండి. మందు మొదలుపెట్టాలి, లేదా పెంచాలి.
- పై అంకె 160 గానీ, కింది అంకె 110 గానీ, ఆపైన: 15 నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్లీ చూడండి. అలాగే ఉంటే 108కి ఫోన్ చేయండి. రెండు అంకెల్లో ఏ ఒక్కటి దాటినా సరే.

అంకె ఎంతున్నా వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి: తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి రావడం, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం, ఫిట్స్. వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట: “కాన్పై ఇన్ని రోజులైంది.” ఈ మాట చెప్పకపోతే క్యాజువాలిటీలో దాన్ని ఉత్త తలనొప్పిగా చూసే ప్రమాదం ఉంది. గర్భంలో ఎప్పుడూ బీపీ లేనివాళ్లకు కూడా కాన్పయిన ఆరు వారాల లోపు ప్రీఎక్లాంప్సియా కొత్తగా రావచ్చు. తలనొప్పిని నిద్ర లేకపోవడం మీదికో, వెన్నుకిచ్చిన మత్తు సూది మీదికో, “తల తడిపావు కదా” మీదికో తోసేసే ముందు ఒకసారి కఫ్ కట్టి చూడండి.

3. సరిగ్గా చూసుకోవడం

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

ముందు మూత్రానికి వెళ్లి రండి. అరగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. పొద్దున మాత్ర వేసుకోకముందు, టిఫిన్ తినకముందు చూడండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. మంచం అంచున కూర్చుంటే వీపుకు ఆసరా ఉండదు. చెయ్యి బల్ల మీదో దిండు మీదో పెట్టి, కఫ్ గుండె ఎత్తులో ఉండేలా చూసుకోండి. కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెం.మీ. పైన ఉండాలి. చర్మానికే కట్టాలి, జాకెట్ చెయ్యి మీదుగా కట్టకూడదు. బిగుతు చెయ్యిని పైకి మడిచి దాని కింద కట్టినా తప్పే, ఆ మడత జబ్బను పట్టేస్తుంది. వదులు నైటీ వేసుకుంటే ఈ గొడవ ఉండదు.

బిడ్డను ఇంకొకరికి ఇవ్వండి. పాలిస్తూనో, ఏడుపు వింటూనో చూసుకుంటే అంకె నిజం చెప్పదు. మిషన్ నడుస్తున్నప్పుడు మాట్లాడకూడదు. “ఎంతొచ్చింది?” అని అమ్మ అడిగితే జవాబు చెప్పినా పై అంకె పది దాకా పెరుగుతుంది.

ఒకసారి చూశాక నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండూ రాయండి. ఉదాహరణకు మొదటిది 146/92, రెండోది 138/88 వచ్చిందనుకోండి. చాలామంది 138/88 ఒక్కటే రాసుకుని ఊపిరి పీల్చుకుంటారు. వాటి సగటు 142/90, డాక్టరుకు కావాల్సింది అదే. మంచి అంకె వచ్చేదాకా ఐదారుసార్లు నొక్కడం ఇంకో అలవాటు. మిషన్‌ను బతిమాలితే బీపీ తగ్గదు.

మొదటి రోజు రెండు చేతులకూ చూడండి. పది కంటే ఎక్కువ తేడా ఉంటే, ఎక్కువ చూపించిన చేతికే ఇకమీదట కట్టండి, ఆ సంగతి డాక్టరుకూ చెప్పండి.

మిషన్ సరిగ్గా ఉందో లేదో తేలాలంటే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. నర్సు చూసిన వెంటనే అదే చేతికి మీది కట్టి చూడండి. ఐదు లోపు తేడా ఫర్వాలేదు. పదికి పైగా తేడా మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు బ్యాటరీలు మార్చండి, కఫ్‌లో గాలి లీకవుతోందేమో చూడండి. అప్పటికీ అంతేనంటే మిషన్ మార్చాలి.

4. మాత్రలు: ఎవరంతట వాళ్లు ఆపొద్దు

గర్భంలో ఇచ్చేవి ఎక్కువగా లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా. కాన్పు తర్వాత మిథైల్‌డోపాను రెండు రోజుల్లో ఆపి వేరే మందుకు మార్చడం మంచిది, అది మనసును కుంగదీయవచ్చు. మీ చీటీలో ఇంకా ఉంటే అడగండి. పాలిచ్చే తల్లులకు లాబెటలాల్, నిఫెడిపిన్, ఎనలాప్రిల్ సాధారణంగా వాడతారు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఉంటే ఎనలాప్రిల్ రాసేముందు ఆ సంగతి చెప్పాలి. “పాలిస్తున్నావు, మందులొద్దు” అని ఎవరో అన్నారని మానేసి, పదో రోజున 170తో ఆస్పత్రిలో చేరడం కంటే పాలకు ఇబ్బంది లేని మందు అడిగి వాడటం నయం.

బీపీని ఎక్కించే మందులు మీ సంచిలోనే ఉండొచ్చు. రక్తస్రావం తగ్గడానికి ఇచ్చే మెథర్జిన్ బీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు, చీటీలో ఉంటే డాక్టరుకు గుర్తు చేయండి. నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ డాక్టరు చెప్పినన్ని రోజులే, తర్వాత పారాసిటమాల్ చాలు. ముక్కు దిబ్బడకు మెడికల్ షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, అదీ బీపీ పెంచేదే. దగ్గుకు నమిలే అతిమధురం కూడా రోజూ వాడితే బీపీ ఎక్కిస్తుంది. మూలికే కదా అని తీసిపారేయకండి.

5. బిడ్డ టీకా రోజే మీ బీపీ రోజు

బిడ్డకు 6, 10, 14 వారాలకు టీకాలు. ఆ మూడు రోజులూ ఎలాగూ ఆస్పత్రి గడప తొక్కుతారు, బిడ్డకు సూది పడ్డాక మీ చేతికి కఫ్ కట్టించుకోండి. విడిగా మీకోసం ఇంకో రోజు వెళ్లాలంటే ఎవరు తోడొస్తారు, బండి ఎవరిది, వంట ఎవరిది అన్న లెక్కల్లో అది వాయిదా పడుతూనే ఉంటుంది.

ఆరో వారం: బీపీ, మూత్రంలో ప్రొటీన్. ఇక్కడొక చిక్కు ఉంది. కాన్పు తర్వాతి రక్తస్రావం ఇంకా ఉంటే మూత్రంలో కలిసి ప్రొటీన్ ఉన్నట్టు తప్పుగా చూపిస్తుంది. శుభ్రంగా కడుక్కుని, మొదట కొంచెం వదిలేసి మధ్యలో మూత్రం పట్టండి. లేదా రక్తం పూర్తిగా ఆగాక ఇవ్వండి.

పద్నాలుగో వారం: తేల్చేది ఇదే. కాన్పయి 12 వారాలు దాటాక కూడా బీపీ 140/90 గానీ ఆపైన గానీ ఉంటే అది ఇక గర్భం బీపీ కాదు, దీర్ఘకాలిక బీపీ. మందులు కొనసాగించాలి. మూత్రంలో ప్రొటీన్ మూడు నెలల తర్వాతా పోతూనే ఉంటే కిడ్నీ డాక్టరుకు చూపించాలి.

ఈ పద్నాలుగో వారానికి ముందు వారం రోజులు ఇంట్లో లెక్క తీయండి. ఏడు రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొదటి రోజువి కొట్టేయండి, కొత్త కంగారులో ఎక్కువ వస్తాయి. మిగిలిన 24 పై అంకెలు కూడి 24తో భాగించండి, కింది అంకెలకూ అంతే. ఇంట్లో తీసిన సగటుకు గీత 135/85. ఆస్పత్రిలో 140/90తో సమానమని లెక్క. “ఇంట్లో 137 వచ్చింది, 140 లోపే కదా” అనుకోవడం తరచూ కనిపించే పొరపాటు.

6. మూడు నెలలకు చేయించాల్సిన పరీక్షలు

పరగడుపు షుగరు, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్టరాల్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), మూత్రంలో ప్రొటీన్, బరువు, నడుం చుట్టుకొలత. కొలెస్టరాల్ గర్భంలో సహజంగానే పెరుగుతుంది కాబట్టి మూడు నెలల లోపు చేయిస్తే ఊరికే కంగారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) కూడా ఇప్పుడు అంతగా నమ్మలేం, కాన్పులో రక్తం పోయినా రక్తహీనత ఉన్నా అది తప్పు చూపిస్తుంది.

పరగడుపు షుగరు 100 లోపు ఉండాలి, 126 గానీ ఆపైన గానీ ఉంటే మధుమేహం కింద లెక్క, ఇంకోసారి చేసి ఖాయం చేసుకోవాలి. గర్భంలో షుగరు కూడా వచ్చి ఉంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే పరీక్ష ఆరు వారాల తర్వాత తప్పనిసరి. మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు, ఆడవాళ్ల నడుం 80 సెం.మీ. దాటకూడదు. మూడో నెలలో నడుం దాటే ఉంటుంది, ఇప్పుడు కొలిచేది వచ్చే ఏడాది పోల్చుకోవడానికి.

ఆయాసం, గుండెదడ, కాళ్ల వాపు తగ్గకపోవడం లాంటివి లేకపోతే అందరికీ ఎకో (గుండె స్కానింగు), టీఎంటీ (నడిపిస్తూ తీసే ఈసీజీ) అక్కర్లేదు. పెద్ద ప్యాకేజీ కంటే ఇంట్లో వారం రోజుల బీపీ లెక్క ఎక్కువ చెబుతుంది.

7. బిడ్డకూ బిడ్డకూ ఎడం: ఏ పద్ధతి

ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు (మాలా-ఎన్ ఆ రకమే) బీపీ 140/90 దాటి ఉన్నవాళ్లు వాడకూడదు. ఇప్పుడు బీపీ మామూలుగా ఉన్నా, గర్భంలో వచ్చిందని చెప్పి, కొలిపించుకున్నాకే మొదలుపెట్టాలి. పాలిచ్చేవాళ్లకు మొదటి ఆరు నెలలు అవి ఎలాగూ సరిపడవు. కాపర్-టీకి బీపీతో పేచీ లేదు. ఛాయ మాత్రలో హార్మోన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. అంతర ఇంజెక్షన్ బీపీ 160/100 దాటినవాళ్లకు వద్దు. పిల్లలు చాలనుకుంటే భర్తకు చేసే వేసెక్టమీ ఆపరేషన్ భార్యకు చేసే ట్యూబెక్టమీ కంటే చిన్నది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు కాబట్టి ఇక్కడ ఎత్తుతున్నాం.

8. ఉప్పు: డబ్బా చూసి లెక్క కట్టండి

“ఉప్పు తగ్గించాం” అని అందరూ అంటారు. ఎంత తగ్గిందో తేల్చడానికి తేలికైన దారి ఉంది. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే రోజుకు 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. నెల తిరక్కుండా అయిపోతే తగ్గించలేదన్నమాటే. పైగా ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, మిక్స్చర్‌లలో ఉప్పు ఈ లెక్కలోకి రాదు. గ్యాస్‌కని తాగే ఈనో లాంటి పొడుల్లోనూ సోడియం దండిగా ఉంటుంది.

బాలింత పథ్యంలో చిక్కు ఇక్కడే. కూరలు తగ్గించి కారప్పొడి, నెయ్యి, పాత పచ్చడి, ఎండు వేపుళ్లతో అన్నం పెడతారు, నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. పెద్దవాళ్లతో పోట్లాట పెట్టుకోనక్కర్లేదు. వెల్లుల్లి, మిరియాలు, కరివేపాకు, నువ్వుల పొళ్లు ఉప్పు సగం వేసి కొట్టమనండి. పప్పు, పొట్లకాయ, బీరకాయ, ఆకుకూర పథ్యంలో ఇమిడేవే. నీళ్లకు మాత్రం కొలత వద్దు.

తక్కువ సోడియం ఉప్పు వాడొచ్చు. అందులో పొటాషియం ఉంటుంది గనుక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వాడేవాళ్లు డాక్టరును అడిగాకే.

నడక మొదటి వారం నుంచే ఇంట్లో మొదలుపెట్టొచ్చు. మూడో నెలకల్లా వారానికి 150 నిమిషాలకు చేరాలి. బిడ్డకు పాలివ్వడం మీకూ మేలే, ఎక్కువ నెలలు పాలిచ్చిన తల్లుల్లో తర్వాత బీపీ తక్కువగా కనిపిస్తోంది.

9. మళ్లీ గర్భం అనుకుంటే

ప్రీఎక్లాంప్సియా ఒకసారి వచ్చినవాళ్లలో మళ్లీ వచ్చేది సుమారు ఆరుగురిలో ఒకరికి. మొదటిసారి 28, 34 వారాల మధ్య కాన్పు చేయాల్సి వస్తే ముగ్గురిలో ఒకరికి.

గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టకముందే డాక్టరును కలవండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడుతుంటే మార్పించాలి, అవి కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. నెల తప్పాక మారుద్దాంలే అని ఆగొద్దు. గర్భం వచ్చాక 12 వారాల నుంచి, ఆలస్యమైనా 16 వారాల లోపు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలి. 75 నుంచి 150 మి.గ్రా. మధ్య ఎంతో, ఎప్పటిదాకానో డాక్టరు చెబుతారు. ఐదో నెలలో పేరు రాయించుకునేవాళ్లు ఈ అవకాశం పోగొట్టుకుంటున్నారు. ప్రభుత్వం ఇచ్చే కాల్షియం మాత్రలు 500 మి.గ్రా. రోజుకు రెండు, నాలుగో నెల నుంచి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే రెండూ సరిగ్గా ఒంటబట్టవు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. వెళ్లేటప్పుడు పాత ఫైలు చేతిలో ఉండాలి.

10. ఆపైన: బిడ్డ పుట్టినరోజు నెలలో ఏటా ఒకసారి

బీపీ, బరువు, నడుం, పరగడుపు షుగరు ఏటా. లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్ ఎన్నాళ్లకోసారో మీ డాక్టరు చెబుతారు. గ్రామాల్లో ఎన్‌సీడీ స్క్రీనింగ్ (బీపీ, షుగరు లాంటి జబ్బుల కోసం చేసే పరీక్షలు) 30 ఏళ్లు నిండినవాళ్లకే. 22 ఏళ్లకు ప్రీఎక్లాంప్సియా వచ్చిన అమ్మాయిని ఆ ఎనిమిదేళ్లూ ఎవరూ పిలవరు, తనే వెళ్లాలి.

ఏ డాక్టరు దగ్గరికి ఏ జబ్బుకు వెళ్లినా ఇలా చెప్పండి: “నాకు తొలి కాన్పులో 33వ వారంలో ప్రీఎక్లాంప్సియా వచ్చింది, 34వ వారంలో సిజేరియన్ చేశారు.” వారాలు మీవి పెట్టుకోండి. “అప్పట్లో కొంచెం బీపీ ఉండేదండీ” అంటే ఎవరూ చెవిన పెట్టరు.

గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. నలభై లోపే ఆ సలహా వస్తే రెండో డాక్టరును అడగండి. అండాశయాలు కూడా తీసేస్తే గుండెకు ముప్పు ఇంకా పెరుగుతుంది, మీకు ఇప్పటికే ఒక ముప్పు ఉంది.

ఛాతీలో బరువు, దవడకో వీపుకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు, కొత్తగా వచ్చిన ఆయాసం, అంతుపట్టని నీరసం, వాంతి వచ్చినట్టుండటం: వీటికి సోడా తాగి, వాము నమిలి, గ్యాస్ అనుకుని రాత్రంతా ఆగడం మన ఇళ్లలో జరిగేదే. ఆగకుండా వెళ్లి ఈసీజీ తీయించుకోండి. మొదటి ఈసీజీ బాగుందన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి రావద్దు, మళ్లీ తీయమనండి, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష) అడగండి.

ఫైలుకు రెండు కాపీలు ఉండాలి. అసలుది మీరు ఉండే ఇంట్లో, మొదటి పేజీ, డిశ్చార్జి సమ్మరీ ఫోటోలు ఫోన్లో. మీకు కూతురుంటే ఇంకో కాపీ కావాలి. తల్లికి ప్రీఎక్లాంప్సియా వచ్చి ఉంటే కూతురికీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆమె నెల తప్పిందని తెలిసిన రోజే, 12 వారాలు నిండకముందే, మీ నోటు పుస్తకం మొదటి పేజీ జిరాక్స్ తీసి ఆమె ఫైల్లో పెట్టండి.